ఆక్స్‌ఫర్డ్ నుంచి కాట్స్‌వోల్డ్స్ పల్లెల మీదుగా సైకిల్‌పై ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజమండ్రి దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటున్నాను. సెలవు రోజున ఇక్కడికి పడమటనున్న కాట్స్‌వోల్డ్స్ అనే కొండల పల్లెదారుల్లో సైకిల్ తొక్కడం నాకు ప్రాణం. రెడింగ్, స్విండన్, మిల్టన్ కీన్స్, లండన్‌లలో ఉండే మనవాళ్ళు ఎండాకాలం మొదలవగానే ఈ దారి గురించి అడుగుతుంటారు. అందరివీ దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఆక్స్‌ఫర్డ్ రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి మళ్ళీ అక్కడికే వస్తాం. నేను వెళ్ళే దారిన సుమారు 105 కిలోమీటర్లు. పొద్దున ఈవెన్‌లోడ్ అనే చిన్న నది లోయ పట్టుకుని వాయవ్యంగా పైకి వెళ్తాం. మధ్యాహ్నానికి స్టో-ఆన్-ది-వోల్డ్ అనే ఊరు చేరతాం. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరు అదే. అక్కణ్నుంచి విండ్రష్ నది లోయలోకి దిగి, ఆ నీళ్ళ పక్కనే ఇంటిదారి పడతాం. రెండు నదులూ చివరికి థేమ్స్‌లోనే కలుస్తాయి. ఎక్కేటప్పుడు ఒక నది, దిగేటప్పుడు ఇంకో నది అని గుర్తు పెట్టుకుంటే దారి సగం వచ్చేసినట్టే.

నాకు అంత దూరం అలవాటు లేదు. తొక్కగలనా?

ఆగకుండా 50 కిలోమీటర్లు తొక్కిన అనుభవం ఉంటే తొక్కగలరు. గంటకు 16, 17 కిలోమీటర్ల చొప్పున పోయినా తొక్కే సమయం ఆరు గంటలు దాటుతుంది. తిండికి, చూడ్డానికి, ఊపిరి తీసుకోవడానికి ఇంకో ఐదారు గంటలు వేసుకోండి. పన్నెండు గంటల రోజు అనుకుని వెళ్తే టెన్షన్ ఉండదు. కాళ్ళకంటే ముందు నడుము, మెడ, అరచేతులు మొరాయిస్తాయి. అందుకే ముందు రెండు మూడు వారాలు ఆదివారం ఆదివారం 40, 50, 60 ఇలా పెంచుకుంటూ రండి.

ఇంకో ధైర్యం ఉంది. పొద్దున దారి పక్కనే రైలు మార్గం కూడా నడుస్తుంది. చార్ల్‌బరీలోనూ కింగమ్‌లోనూ స్టేషన్లున్నాయి. ఇక నావల్ల కాదనిపిస్తే కింగమ్‌లో రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ వచ్చేయొచ్చు. మొదటిసారి నేను చేసింది అదే. దాంట్లో నామోషీ ఏమీ లేదు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే రెండో వారం నుంచి జులై చివరి దాకా. జూన్ ఆఖర్లో ఇక్కడ తెల్లవారుజామున ఐదు లోపే సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి తొమ్మిదిన్నర దగ్గర్లో గానీ అస్తమించడు. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే. అప్పుడు ఇంత దారి పెట్టుకోకండి.

నాకు మాత్రం మే నెలంటేనే ఇష్టం. దారికి రెండు పక్కలా కౌ పార్స్‌లీ అనే మొక్క నడుమెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. కొత్తిమీర జాతి మొక్కే అది. పూత అచ్చం మన పెరట్లో కొత్తిమీర ముదిరి పూసినట్టే ఉంటుంది. అలాంటి పూత మైళ్ళకు మైళ్ళు. దాని వెనకాల ఆవ జాతి నూనె పంట పసుప్పచ్చగా విరగబూసి ఉంటుంది. ఆగస్టు చివర్లో వెళ్తే దారి పక్క ముళ్ళ కంచెల మీద బ్లాక్‌బెర్రీ పళ్ళు. సైకిల్ ఆపి కోసుకు తినొచ్చు. పక్కనే ఉండే నెటిల్ ఆకులు తగలకుండా చూసుకోండి, మన దూలగొండిలాగే మంట పుట్టిస్తాయి.

ఎన్నింటికి బయల్దేరాలి?

ఆరున్నరకి. ఏడు దాటనివ్వకండి. ఊరు దాటే పెద్ద రోడ్డు ఆ సమయంలో ఖాళీగా ఉంటుంది. రెండో కారణం గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి గాలి వీస్తుంది. పొద్దున కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు పడమటి వైపు వెళ్ళి, సాయంత్రం అలిసిపోయాక తూర్పుకి తిరిగితే ఆ గాలే వీపు తడుతుంది. ఇదే దారిని తిరగేసి తొక్కిన ఒక రోజు ఆఖరి 30 కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కి, ఇంటికొచ్చి కుర్చీలోంచి లేవలేకపోయాను.

పొద్దున దారిలో ఏయే ఊళ్ళు వస్తాయి?

ఆక్స్‌ఫర్డ్ నుంచి వుడ్‌స్టాక్ వెళ్ళే ఏ44 రోడ్డు పక్కన సైకిళ్ళకు వేరే దారి ఉంది. దాని మీద బెగ్‌బ్రోక్ దాకా వెళ్ళి, బ్లేడన్ వైపు తిరగాలి. విన్‌స్టన్ చర్చిల్ సమాధి బ్లేడన్ చర్చి ఆవరణలోనే ఉంది. ఆయన పుట్టిన బ్లెనిమ్ ప్యాలెస్ ఆ పక్కనే. ఆ భవనం రాయి సంగతి గుర్తుంచుకోండి, సాయంత్రం మళ్ళీ వస్తుంది.

హాన్‌బరా దాటి కూమ్ వైపు తిరిగిన దగ్గర్నుంచి అసలైన పల్లె మొదలవుతుంది. కూమ్ తర్వాత స్టోన్స్‌ఫీల్డ్. ఈ ఊళ్ళో ఐదు నిమిషాలు ఆగి ఇళ్ళ కప్పులు చూడండి. పెంకుల్లా కనిపించేవన్నీ రాతి పలకలు. ఇక్కడి గనుల్లోంచి తీసిన రాతి దిమ్మల్ని చలికాలమంతా తడిపి ఆరుబయట ఉంచేవారు. లోపలి తేమ గడ్డకట్టి ఉబ్బినప్పుడు రాయి పొరలు పొరలుగా విడిపోయేది. ఉలి చేయాల్సిన పని మంచు చేసిపెట్టేది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేయంతవి పరిచి ఉంటాయి. ఈ గనుల్లోనే దొరికిన ఎముకలు చూసి ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన విలియం బక్లాండ్ 1824లో మెగలోసారస్ అని పేరు పెట్టాడు. శాస్త్రీయంగా పేరు పెట్టిన మొట్టమొదటి డైనోసార్ అదే. దాని దవడ ఎముక ఆక్స్‌ఫర్డ్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. పిల్లలున్నవాళ్ళు ముందు రోజు అది చూపించి, మర్నాడు ఈ ఊరు చూపిస్తే ఎంత సంబరపడతారో!

తర్వాత చార్ల్‌బరీ. అక్కడ కాఫీ తాగి చిల్సన్ మీదుగా ఆస్కాట్-అండర్-విచ్‌వుడ్ చేరతాం. పచ్చిక మైదానంలో ఒక చెట్టు చుట్టూ కూర్చునే బల్ల కట్టి ఉంటుంది. 1873లో ఈ ఊరి వ్యవసాయ కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళకు అండగా నిలబడ్డారని 16 మంది ఆడవాళ్ళను జైల్లో పెట్టారు. ఇద్దరి చేతుల్లో చంటిపిల్లలు. వాళ్ళ గుర్తుగా కట్టిన బల్ల అది. నేను ఎప్పుడు వెళ్ళినా అక్కడ కూర్చోకుండా కదలను. అక్కణ్నుంచి షిప్టన్, బ్రూయన్, కింగమ్, బ్లెడింగ్‌టన్. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి పెద్ద శ్రమ లేకుండా వచ్చేస్తాయి.

రోడ్లు ఎలా ఉంటాయి? లారీల మధ్య తొక్కాలా?

ఈ ప్రయాణం బాగుంటుందా, నరకంగా ఉంటుందా అన్నది దారి ఎంచుకోవడంలోనే తేలిపోతుంది. ఇక్కడి రోడ్లకు అక్షరాలుంటాయి. ఎం అంటే మోటార్‌వే, సైకిల్‌కి ప్రవేశమే లేదు. ఏ అంటే పెద్ద రోడ్డు, బి అంటే మధ్యరకం. మనకు కావలసినవి అక్షరం గానీ నంబరు గానీ రాయని సన్న దారులు. వీటిని ఇక్కడ లేన్ అంటారు. మన డొంకలే ఇవి. మా గోదావరి వైపు పుంత అంటాం. రెండు పక్కలా ముళ్ళ కంచెలు, వందల ఏళ్ళ రాకపోకలకు అరిగి పొలం కంటే పల్లంగా దిగిపోయిన దారి, మధ్యలో అక్కడక్కడ గడ్డి. ఒక కారు పడుతుంది. ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు పక్కకు జరిగే చోటు దాకా వెనక్కి వెళ్ళాలి.

ఫోను చెప్పే దారిని గుడ్డిగా నమ్మకండి. దగ్గరి దారి పేరుతో అది మిమ్మల్ని స్టో దగ్గర ఏ429 మీదికి ఎక్కిస్తుంది. రోమన్లు వేసిన ఫాస్ వే దారి మీదే నడిచే రోడ్డు అది. చరిత్ర గొప్పదే, కానీ బళ్ళు చాలా వేగంగా పోతాయి. దాన్ని అడ్డంగా దాటండి, దాని వెంట వెళ్ళకండి. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా డొంక దారే పట్టండి.

కార్లవాళ్ళు ఇబ్బంది పెడతారా?

ఇక్కడా మనలాగే ఎడమ వైపు ప్రయాణం కాబట్టి కొత్తేమీ ఉండదు. హారన్ దాదాపు వినపడదు. 2022 జనవరిలో ట్రాఫిక్ నియమాల పుస్తకం మార్చారు. గంటకు 30 మైళ్ళ లోపు వేగంలో సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలి. అంతకంటే వేగంగా పోతుంటే ఇంకా ఎక్కువ ఇవ్వాలి. సందడి లేని సన్న దారుల్లో సైకిల్ వాళ్ళు దారి మధ్యలో తొక్కొచ్చనీ, ఇద్దరు పక్కపక్కన పోవచ్చనీ అందులో ఉంది. మధ్యలో తొక్కితేనే మలుపు అవతలివాళ్ళకి ముందుగా కనపడతాం.

వెనక కారు చాలాసేపు ఆగి వస్తుంటే, వెడల్పు చోటు చూసి పక్కకు జరిగి చెయ్యి ఊపండి. వాళ్ళు కూడా చెయ్యెత్తి వెళ్తారు. ట్రాక్టరు వస్తే మాత్రం దిగి కంచెకి ఆనుకుని నిలబడండి. దాని వెనక వేలాడే పరికరాలు దారి వెడల్పంతా ఉంటాయి.

పొలాల్లోంచి పోయే కాలిబాటల మీద సైకిల్ తొక్కొచ్చా?

పసుపు బాణం గుర్తున్నది నడిచేవాళ్ళ బాట. దాని మీద తొక్కకూడదు. నీలం బాణం ఉంటే అది గుర్రాల బాట, అంటే బ్రిడిల్‌వే. 1968 నాటి చట్టం ప్రకారం దాని మీద సైకిల్ తొక్కొచ్చు, కానీ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. వాన పడితే ఆ బాటలన్నీ బురదే. సన్న టైర్లతో వెళ్ళకండి. పొలం గేటు తీసి వెళ్తే మళ్ళీ వేసి వెళ్ళండి, గొర్రెలు రోడ్డెక్కేస్తాయి.

గుర్రాలు ఎదురైతే?

వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్తే గుర్రం బెదురుతుంది. దూరం నుంచే "హలో" అని గట్టిగా పలకరించండి. గుర్రానికి మనిషి గొంతు తెలుస్తుంది. బెల్లు కొడితే ఉలిక్కిపడొచ్చు. మెల్లగా, ఎడంగా దాటండి.

ఎలాంటి సైకిల్ కావాలి?

టైరు వెడల్పు 28 నుంచి 35 మిల్లీమీటర్లు, ఎత్తు ఎక్కడానికి తేలిక గేర్లు, ముందూ వెనకా మడ్‌గార్డులు. ఈ మూడూ ఉంటే ఏ సైకిలైనా పర్లేదు. మరీ సన్న టైర్ల రేసు సైకిల్ ఈ గతుకుల్లో ఒళ్ళు హూనం చేస్తుంది, లావు టైర్ల మౌంటెన్ బైక్ మధ్యాహ్నానికే శక్తి పీల్చేస్తుంది. వీపుకి బ్యాగు తగిలించుకోకండి. సీటు వెనక కట్టే సంచీలో బరువు వేయండి.

సైకిల్ లేకపోతే ఆక్స్‌ఫర్డ్‌లో అద్దెకి దొరుకుతాయి. ముందే బుక్ చేసి మీ ఎత్తు చెప్పండి. ముందు రోజు సాయంత్రమే తీసుకుని ఓ గంట తొక్కి చూడండి. సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే ఎనభయ్యో కిలోమీటరు దగ్గర మోకాలు చెబుతుంది.

దారి మధ్యలో పంక్చర్ అయితే?

మీరే వేసుకోవాలి. ఊరి మొదట్లో పంక్చర్ షాపు ఉంటుందనుకోవద్దు. రెండు కొత్త ట్యూబులు, టైరు తీసే ప్లాస్టిక్ లీవర్లు, చేతి పంపు, ప్యాచీలు తప్పనిసరి. ఇంట్లో ఒకసారైనా వెనక చక్రం ఊడదీసి మళ్ళీ బిగించి చూసుకోండి.

ఇక్కడి కంచెల్లో ఎక్కువగా ఉండేది హాథార్న్ అనే ముళ్ళ చెట్టు. పక్షులు గూళ్ళు పెట్టే కాలమని మార్చి నుంచి ఆగస్టు దాకా రైతులు కంచెలు కొట్టరు. సెప్టెంబరు రాగానే ట్రాక్టర్లకు మిషన్లు తగిలించి కొట్టేస్తారు. అప్పుడు ముళ్ళన్నీ రోడ్డు మీదే. ఒక అక్టోబరులో విడ్‌ఫర్డ్ దగ్గర నా వెనక టైరు పోయింది. ట్యూబు మార్చి గాలి కొట్టి, పది నిమిషాలు తొక్కానో లేదో మళ్ళీ పోయింది. మొదటి ముల్లు టైరులోనే ఉండిపోయింది. చూస్తే కనపడనంత చిన్నది. అప్పట్నుంచి ట్యూబు మార్చే ముందు టైరు లోపలి అంచంతా వేలితో మెల్లగా తడిమి చూస్తాను. ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకోనీ, దొరికితే చాలు.

శాకాహారం దొరుకుతుందా? తిండి సంగతి చెప్పండి.

దొరుకుతుంది, కానీ వేళ తప్పితే ఏదీ దొరకదు. ఇది బాగా గుర్తుంచుకోండి. చాలా పల్లెటూరి పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకి వంటగది కట్టేస్తారు. మళ్ళీ సాయంత్రం ఆరుకే. ఒకసారి రెండూ నలభైకి ఒక పబ్బు చేరాను. కడుపు మాడుతోంది. అక్కడ దొరికింది చిప్స్ పొట్లం, నిమ్మకాయ సోడా. టీ దుకాణాలు కూడా సాయంత్రం నాలుగు, ఐదుకల్లా మూసేస్తారు.

పబ్బులో శాకాహారులు నిశ్చింతగా అడగదగినవి జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప), చీజ్ శాండ్‌విచ్, కూరగాయల సూప్. సగం రొట్టె, పెద్ద చీజ్ ముక్క, ఉల్లిపాయ, పచ్చడి పెట్టే ప్లౌమన్స్ లంచ్ కూడా బాగుంటుంది. పక్కన హ్యామ్, అంటే పంది మాంసం, వద్దని ముందే చెప్పండి. లోపల కూరగాయలు కూరిన 'వెజిటబుల్ పై' అయినా పిండి పొరలో జంతువుల కొవ్వు వాడొచ్చు, అడగండి. రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. టీ దుకాణాల్లో ఓట్స్‌తో చేసే ఫ్లాప్‌జాక్ సైకిల్ తొక్కేవాళ్ళకి అమృతం. స్కోన్ అనే చిన్న గుండ్రటి రొట్టె మీద మీగడ, జామ్ వేసుకుని ఒక కుండ టీ తాగితే ఇంకో 20 కిలోమీటర్లు వచ్చేస్తాయి.

నేను మాత్రం సంచీలో పులిహోర లేకుండా బయల్దేరను. చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెడదు, ఉప్పు ఉంటుంది, పొట్టకి బరువనిపించదు. స్టోలో చర్చి బయట బల్ల మీద డబ్బా మూత తీసేసరికి ఇంగువ వాసనకి పక్క బల్ల మీది పెద్దావిడ "ఏమిటది, ఇంత బాగుంది?" అని అడిగింది. నాలుగు చెంచాలు పెట్టాను. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు జేబులో వేసుకుని ముప్పావు గంటకోసారి నోట్లో వేసుకోండి. ఆకలయ్యాక తిందామనుకుంటే అప్పటికే ఆలస్యం. చేతులు వణికి, కళ్ళు తిరిగి, కాళ్ళు ఆగిపోతాయి.

నీళ్ళు, బాత్రూమ్?

రెండు సీసాలు పెట్టుకోండి. పబ్బులో, టీ దుకాణంలో అడిగితే నింపిస్తారు. చాలా చర్చి ఆవరణల్లో పూలకు నీళ్ళు పోసే కుళాయి ఉంటుంది, తాగే నీళ్ళో కాదో పైన రాసింది చూసుకోండి. తిరుగు దారిలో వచ్చే బోర్టన్, బర్ఫర్డ్ వంటి పెద్ద ఊళ్ళలో పబ్లిక్ టాయిలెట్లున్నాయి. మధ్యలో ఎక్కడైనా టీ తాగినప్పుడే పని కానిచ్చుకోండి.

వాన వస్తే?

రావచ్చు, పోవచ్చు. మన వానలా కుంభవృష్టి అరుదు. సన్న తుంపర గంటలకొద్దీ పడుతుంది. దానికంటే చలి ప్రమాదం. జూన్‌లో కూడా పొద్దున పది డిగ్రీలు ఉండొచ్చు. గాలి చొరని పల్చటి వాన జాకెట్, పూర్తి చేతుల ఉన్ని బనీను, పొడి సాక్సులు సంచీలో ఉంచండి. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, వద్దు. వాన జోరందుకుంటే చర్చి వాకిలి వెతకండి. దాదాపు ప్రతి పల్లెలోనూ చర్చి ఉంటుంది. ముందు వసారా, లోపల రెండు వైపులా రాతి అరుగులు ఉంటాయి. ఆ అరుగుల మీద నేను ఎన్ని గంటలు గడిపానో! ఎవరూ ఏమీ అనరు.

స్టో ఎత్తు ఎక్కడం కష్టమా?

కష్టమే, కానీ ఎక్కువసేపు ఉండదు. స్టో సముద్రమట్టానికి సుమారు 240 మీటర్ల ఎత్తున ఉంది, ఆక్స్‌ఫర్డ్ 60 దగ్గర. గట్టు మొదలవకముందే తేలిక గేరులోకి రండి. మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కండి. ఊపిరి అందకపోతే దిగి నడిపించండి. పైకి చేరాక సెయింట్ ఎడ్వర్డ్స్ చర్చి ఉత్తర ద్వారం చూడండి. తలుపుకి రెండు వైపులా యూ అనే జాతి పాత చెట్లు రెండు గోడలోంచే మొలిచినట్టు పెనవేసుకుని ఉంటాయి.

స్టో తర్వాత వచ్చే ఊరికి స్లాటర్ అని పేరేమిటి? ఇంగ్లీషులో ఊచకోత అని కదా, అక్కడేం జరిగింది?

ఏమీ జరగలేదు. బురద నేల అనే అర్థం ఉన్న పాత ఇంగ్లీషు మాట నుంచి ఆ పేరు వచ్చింది. పైగా అప్పర్ స్లాటర్ నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఇంగ్లండ్‌లో అలాంటి ఊళ్ళు చాలా కొద్ది. మిగతా ఏ పల్లెకి వెళ్ళినా చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతి శిలువ ఎదురవుతుంది. పొద్దుట్నుంచి అవి చూస్తూ వచ్చినవాళ్ళకి ఈ ఊళ్ళో ఆ తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత వచ్చే బోర్టన్ అందమైనదే, విండ్రష్ మీద చిన్న చిన్న రాతి వంతెనలు బాగుంటాయి. కానీ శని, ఆదివారాల్లో తిరునాళ్ళ జనం. నేను ఐస్‌క్రీమ్ కొనుక్కుని దాటేస్తాను.

తిరుగు దారిలో ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి?

బోర్టన్ నుంచి గ్రేట్ రిసింగ్‌టన్, బ్యారింగ్‌టన్ మీదుగా టేంటన్ వస్తుంది. ఇల్లు, గోడ, చర్చి అన్నీ ఒకే తేనె రంగు రాయి. ఇక్కడి గనుల రాయినే పొద్దున మనం చూసిన బ్లెనిమ్ ప్యాలెస్‌కి వాడారు, ఆక్స్‌ఫర్డ్ కాలేజీలకీ వాడారు. ఆ రాయిని దగ్గరగా చూస్తే చేప గుడ్లంత సన్న గుండ్రటి గింజలు అతుక్కున్నట్టు ఉంటుంది. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతులేని వెచ్చని సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్నదే ఇది. సాయంత్రం ఎండలో గోడ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటుంది.

తర్వాత బర్ఫర్డ్. నది ఒడ్డునున్న చర్చికి తప్పకుండా వెళ్ళండి. 1649లో, రాజును ఓడించిన పార్లమెంటు పక్షపు నాయకుడు క్రామ్‌వెల్ సైన్యంలో తిరగబడ్డ లెవెలర్లను, అంటే అందరికీ సమాన హక్కులు కోరినవాళ్ళను, ఈ చర్చిలో బంధించి, ముగ్గుర్ని ఆవరణలోనే కాల్చి చంపారు. లోపల బాప్తిస్మం తొట్టె అంచున సీసం రేకు మీద ఆంథొనీ సెడ్లీ అనే ఖైదీ తన పేరు, సంవత్సరం, ఇంగ్లీషులో ఖైదీ అన్న మాట గీసుకున్నాడు. ఆ మాటలో ఒక అక్షరం తప్పు కూడా అలాగే ఉంది. రేపు బతికుంటానో లేదో తెలియని మనిషి చేతిరాత అది.

అక్కణ్నుంచి స్విన్‌బ్రుక్. ఆ చర్చిలో ఫెటిప్లేస్ వంశం వాళ్ళ ఆరు రాతి విగ్రహాలు, ముగ్గురు ఒక పక్క, ముగ్గురు ఒక పక్క, మోచేతి మీద ఆనుకుని అరల్లో పడుకుని ఉంటాయి. స్లీపర్ బోగీలో లోయర్, మిడిల్, అప్పర్ బెర్తులే గుర్తొస్తాయి మనవాళ్ళెవరికైనా. ఆస్థాల్ దాటితే మిన్‌స్టర్ లవెల్. పదిహేనో శతాబ్దపు భవనం శిథిలాలు విండ్రష్ ఒడ్డున ఉన్నాయి, టికెట్ లేదు. బూట్లు విప్పి గడ్డి మీద కాళ్ళు చాపుకోండి. ఈ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పావుగంట అదే.

ఆఖరి 20 కిలోమీటర్లు?

దుప్పట్ల నేతకి పేరుపడ్డ విట్నీ నుంచి ఎన్‌షమ్ మీదుగా రావాలి. ఇక్కడ రెండు దారులున్నాయి. స్విన్‌ఫర్డ్ దగ్గర 1769లో తెరిచిన టోల్ వంతెన మీద థేమ్స్ దాటి వచ్చేది ఒకటి. కారుకి 5 పెన్స్ రుసుము, సైకిల్‌కి ఉచితం. వంతెన బాగుంటుంది గానీ తర్వాత రోడ్డు ఇరుకు, రద్దీ. అలసిపోయి ఉన్నప్పుడు నేను అటు పోను. ఏ40 పక్కన సైకిళ్ళకు వేరే బాట ఉంది. చప్పుడు ఎక్కువే, కానీ క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.

హెల్మెట్, లైట్లు తప్పనిసరా?

హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ పెట్టుకోండి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండాలి. దట్టమైన చెట్ల కింద పగలు కూడా వెలిగించుకోవడం మంచిది.

దారి తప్పితే?

ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్ళ గులాబీ అట్ట మ్యాపు ఒకటి కొనుక్కోండి. ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే ఏటవాలు, రెండు ఉంటే మరీ నిటారు. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంటుంది. నాలుగు దారుల కూడలిలో చెక్క చేతుల్లాంటి ఊరి పేర్ల స్తంభాలుంటాయి, దూరాలు మైళ్ళలో ఉంటాయి. ప్రమాదమైతే 999.

ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళొచ్చా?

మా ఆవిడ చాలాసార్లు ఒంటరిగా వెళ్ళింది. పొద్దున పూట దారిన పోయేవాళ్ళు "మార్నింగ్" అని పలకరిస్తారు, తిరిగి పలకరిస్తే వాళ్ళకి సంతోషం. తన మాట ఏమిటంటే, ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసి వెళ్ళాలి, పంక్చర్ వేసుకోవడం వచ్చుండాలి. తొలిసారైతే తోడు ఉంటే హాయి.

రైల్లో సైకిల్ తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు, విడిగా టికెట్ అక్కర్లేదు. దూరప్రాంతపు రైళ్ళలో సైకిల్‌కి ముందే చోటు రిజర్వ్ చేసుకోవాల్సి రావచ్చు. పనిదినాల్లో ఆఫీసు వేళల్లో చాలా రైళ్ళలో మడతపెట్టే సైకిళ్ళకే అనుమతి. టికెట్ కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఆక్స్‌ఫర్డ్ దాకా రాలేం. లండన్ దగ్గర్లో ఇలాంటి దారి ఉందా?

ఉంది. సర్రీ కొండలు. లండన్ నైరుతి శివారు కింగ్‌స్టన్ నుంచి రిప్లీ, షీర్ మీదుగా 294 మీటర్ల లీత్ హిల్ ఎక్కి, కోల్డ్‌హార్బర్ దిగితే డోర్కింగ్ ఊరు వస్తుంది. పక్కనే బాక్స్ హిల్, 2012 ఒలింపిక్స్ సైకిల్ రేసు జరిగిన మెలికల రోడ్డు. సైకిల్ వాళ్ళంతా అటే పోతారు. మీరు ముందు డోర్కింగ్ శ్మశానవాటికకి వెళ్ళండి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మా గోదావరి డెల్టాకి నీళ్ళిచ్చిన ఆర్థర్ కాటన్ 1899లో డోర్కింగ్‌లోనే పోయారు. ఆయన సమాధి అక్కడే ఉంది. నేను వెళ్ళినప్పుడు సైకిల్ గేటు దగ్గర ఆపి, సీసాలో ఉన్న నీళ్ళు ఆ రాతి పాదం దగ్గర పోసి వచ్చాను. గేటు పక్కన సైకిల్‌కి తాళం వేసుకోవడం మర్చిపోకండి.